నడిమి గుడి దాకా

డేరా గొట్టాలు పోయాయని తెలిసింది కొండ ఎక్కాకే. నడిమి గుడి ఎదుట ఏటా దిగే చదునులోనే సామాను దించారు. సంచుల మూతులు విప్పి చూస్తే గుడ్డ ఉంది, మేకులు ఉన్నాయి, తాళ్లు ఉన్నాయి. గుడ్డను నిలబెట్టే గొట్టాలు మాత్రం లేవు. అప్పటికే పొద్దు పక్క కొండ భుజం మీదికి జారింది.

"నీ సంచిలో చూడు" అన్నాడు దర్జీ.

"చూడ్డం కాదు బావా, అందులో దూరడమొకటే తక్కువ. నీ దాంట్లో చూసుకో."

"బస్సులో వదిలేశావేమోరా."

"వదిలేయడానికి నేనేమన్నా ప్రయాణికుణ్ణా? జన్మంతా జనం మరిచిపోయిన గొడుగులు ఏరుతూ బతికినవాణ్ణి. నా కళ్లుగప్పి బస్సులో దువ్వెన కూడా మిగలదు."

ఆ మాట నిజమే. బావమరిది బస్సు డ్రైవరు. యాభై దాటాడు, తల నెరిసింది, మనవరాలు కూడా పుట్టింది. అయినా ఇంట్లో పేరు చిన్నోడే. ఆ పేరు పెట్టింది వాళ్లక్క. ఇప్పుడు అలా పిలిచేవాడు లోకంలో దర్జీ ఒక్కడే మిగిలాడు.

డేరా దర్జీ చేతి కుట్టే. పెళ్లయిన కొత్తలో, దుకాణాల ముందు ఎండకు కట్టే మందపాటి గుడ్డ ఒకటి మిగిలిపోతే, "ఊళ్లోవాళ్లందరికీ చొక్కాలు కుడతారు, మనకో ఇల్లు కుట్టకూడదూ?" అంది భార్య. సరేనని కుట్టాడు. అది వేసుకుని ఈ కొండకొచ్చారు. తమ్ముడు ఒంటిగా ఉన్నాడని ఆమె వాణ్ణీ వెంటబెట్టుకొచ్చింది. ఆ తర్వాత వాడికి పెళ్లయింది, పిల్లలయ్యారు. వాడి భార్యకు కొండంటే కళ్లు తిరుగుతాయి. అందుకని ఏటా ఆ ముగ్గురే.

కొండ మీద మూడు గుళ్లు. కింది గుడి, నడిమి గుడి, పై గుడి. కింది గుడి చూసుకుని నడిమి గుడి చేరి, అక్కడ డేరా వేసుకుని పడుకునేవారు. తెల్లారి పై గుడికి బయల్దేరే వేళకి ఆమెకు మోకాలు నొప్పి వచ్చేది. "ఇవాళ నా వల్ల కాదు. వచ్చే ఏడు చూద్దాంలే" అనేది. అలా వచ్చే ఏడు, వచ్చే ఏడు అంటూనే ఏళ్లన్నీ గడిచాయి. పోయిన వానాకాలంలో, నాలుగు రోజుల జ్వరంతో, ఆమె పోయింది.

దుకాణంలో ఆమె కూర్చునే పీట మీద ఇప్పుడు కత్తిరించాల్సిన గుడ్డలు ఉంటున్నాయి. బొత్తాలు కుట్టడం, అంచులు మడవడం ఆమె పని. ఇప్పుడవి కూడా దర్జీయే చేసుకుంటున్నాడు. చేయి తిరిగినవాడే, కానీ చొక్కా కుట్టి ముగించినప్పుడల్లా అలవాటుగా ఎడమవైపు అందిస్తాడు. అందుకునేవాళ్లుండరు. తనే సూది తీసుకుంటాడు.

చలి తగ్గే రోజుల్లో చిన్నోడు దుకాణానికొచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఈ ఏడు వెళ్దామా బావా?"

"వెళ్దాం."

"ఈసారి పై గుడి కూడా చూసేద్దాం. ఒక పని అయిపోతుంది."

దర్జీ చేతిలో కత్తెర గీత దాటింది. ఏదో పిల్లాడి లాగు గుడ్డ, పర్లేదు, కుట్టులో కలిసిపోతుంది. కానీ ఆ మాట మాత్రం ఎక్కడా కలవలేదు. పని అయిపోతుంది. బావా బావమరిది అన్న వరస ఆమెతో వచ్చింది. ఆమే లేదు. ఇక ఆ పై గుడి కూడా చూసేస్తే, వచ్చే ఏడు రారా అని పిలవడానికి మిగిలేదేముంది? వాడికి వాడి సంసారం ఉంది. కొండ మీద పని కూడా తీరిపోతే, ఎదురుపడ్డప్పుడు బాగున్నావా అంటే బాగున్నాననుకునే చుట్టాలైపోతారు. ఇదంతా పైకి ఎలా చెప్పాలో దర్జీకి తెలియలేదు. సుద్దముక్క తీసుకుని ఇంకో గీత గీశాడు.

ఇప్పుడా సుద్ద చేతిలో లేదు, కొండ మీద ఉన్నాడు. వేళ్లు మడుస్తూ లెక్కచూశాడు.

"గుడ్డ మోసేది నేను, తెచ్చాను. మేకులూ తాళ్లూ నీవి, తెచ్చావు. గొట్టాలు..."

చిన్నోడు బండమీద కూలబడ్డాడు.

"అక్కవి" అన్నాడు.

ఏటా ఎవరి వాటా వాళ్లు మోసేవారు. ఈ ఏడూ ఎవరి వాటా వాళ్లు మోసుకొచ్చారు. ఒకదాంట్లో ఒకటి దూరే ఆ గొట్టాలు ఆమె పచ్చ సంచిలో ఉంటాయి. ఆ సంచి దర్జీ ఇంట్లో అటక మీద ఉంది. పోయినేడు కొండ దిగొచ్చాక ఆమె చేత్తో పెట్టిందే. దాన్ని ఎవరూ ముట్టలేదు.

ఇద్దరూ గుడి గుమ్మానికి అటూ ఇటూ ఉన్న రాతి కాపలావాళ్లనే చూస్తూ కూర్చున్నారు. ఎడమవైపువాడికి పొట్ట ఎక్కువ. "ఛాతీ నలభై నాలుగు, నడుము మాత్రం బయటికి చెప్పకూడదు. మీ దగ్గరికొచ్చి చొక్కా బిగుతైందని పోట్లాడే రకం" అని ఆమె ఏటా వాణ్ణి ఆటపట్టించేది.

గుడి ఊడ్చే పెద్దావిడ చీపురు చంకన పెట్టుకుని వచ్చింది.

"ఏం బాబూ, ఇంకా ఇల్లు కట్టుకోలేదే? మోకాళ్ల నొప్పి అమ్మాయేదీ?"

"ఈ ఏడు రాలేదమ్మా" అన్నాడు దర్జీ.

ఆ "రాలేదు" అన్న తీరులోనే ఆవిడకు అర్థమైనట్టుంది. చీపురు చంక మార్చుకుని, "డేరా లేకపోతే చలికి బిగుసుకుపోతారు. పైకి పోండి. పై గుడికి వసారా ఉంది, తలుపుంది. చీకటి పడేలోపు చేరతారు" అని చెప్పి దిగిపోయింది.

చిన్నోడు చటుక్కున లేచాడు. "పద బావా. ఎటూ చూడాలనుకున్నదే కదా. కొండే రమ్మంటోంది."

"గుడ్డ ఉందిగా. నేను నిలబెడతాను."

"గొట్టాల్లేకుండా ఎలా నిలబెడతావ్? ఇస్త్రీ చేసి నిలబెడతావా?"

దర్జీ చొక్కా మడతలోంచి పిన్నీసు తీసి పొడుగు తాడు కొసకి గుచ్చాడు. గొట్టం దూర్చే పట్టీలోకి ఆ పిన్నీసు పోనిచ్చి, లాగుకి బొందు ఎక్కించినట్టు, అంగుళం అంగుళం జరిపాడు. అవతలి కొస బయటికి రాగానే తాడు అటొక చెట్టుకి, ఇటొక చెట్టుకి కట్టాడు. చిన్నోడు అంచులు లాగి మేకులు దిగ్గొట్టాడు. డేరా నిలబడింది కానీ, నడుము వంగిన ముసలమ్మలా నిలబడింది. లోపల పడుకుంటే గుడ్డ ముక్కుకి తగిలేలా ఉంది.

"మహల్" అన్నాడు చిన్నోడు. "తుమ్మితే పైకప్పు ఎగిరిపోద్ది."

"తుమ్మకు."

పొయ్యి రాజేసి టీ పెట్టుకున్నారు. ఉడికించిన గుడ్లు వలుచుకున్నారు. పైన, చివరి వెలుగులో, పై గుడి శిఖరం ఇటుకముక్కలా కనిపించింది. చిన్నోడు దాన్ని చూస్తూ అన్నాడు.

"నీకు ఇష్టం లేదని తెలుసు బావా. కానీ నాకు నిద్ర పట్టట్లేదు. అన్నేళ్లు అక్క ఇక్కడిదాకా వచ్చి, ఆ ఒక్కటీ చూడకుండానే పోయింది. మోకాలు దాన్ని ఆపేసింది. నా కళ్లతోనైనా చూపిద్దామని."

దర్జీ గ్లాసు కింద పెట్టాడు. వీడు చుట్టరికం తెగ్గొట్టుకుందామని ఆ మాట అనలేదు. ఆ సంగతి తెలుసుకోడానికి ఇంత కొండ ఎక్కాల్సి వచ్చింది.

"ఒరేయ్, నీ బస్సు అందుకోడానికి మీ అక్క ఏనాడైనా మోకాలు పట్టుకుందా?"

చిన్నోడు ఆలోచించాడు. "లేదు. కదిలే బస్సు ఎక్కేది. నేనే తిట్టేవాణ్ణి."

"కొండ దిగేటప్పుడు మనిద్దరికంటే ముందుండేది ఎవరు?"

చిన్నోడి చేతిలో గుడ్డు అలాగే ఉండిపోయింది.

"ఆ మోకాలికి ఏ రోగమూ లేదురా. ఒకసారి నేను నిలదీస్తే చెప్పింది. 'వాడు ఊరికే రమ్మంటే రాడండీ. పని ఉందంటే వస్తాడు. ఆ గుడి అలా ఉండనివ్వండి' అంది. నీకు చెప్పొద్దని ఒట్టేయించుకుంది. ఇన్నాళ్లూ కడుపులోనే పెట్టుకున్నాను."

"దొంగమొహంది" అన్నాడు చిన్నోడు. మొహం తిప్పుకుని గుడ్డు మీద మిగిలిన పెంకు వలిచాడు. అసలు పెంకేమీ మిగల్లేదు.

"నేను పై గుడి చూద్దామంటే నువ్వు కత్తెర జార్చావే, అందుకా?"

"జార్చలేదు. గీత దాటింది."

"అదే లే."

ఆ రాత్రి గుడ్డ నిజంగానే ముక్కులకు తగిలింది. చిన్నోడు తుమ్మనే తుమ్మాడు, పైకప్పు ఎగరలేదు. కుట్టు గట్టిది.

తెల్లారేసరికి మంచు విడిపోయి పై గుడి మెట్లతో సహా కనిపించింది, పిలిస్తే పలికేంత దగ్గరగా. చిన్నోడు బూట్ల తాళ్లు కట్టుకున్నాడు. లేచి నిలబడి దానివైపు చూశాడు. దర్జీ మేకులు పీకుతూ, తల ఎత్తకుండా, వాడి బూట్లే చూస్తున్నాడు. రమ్మంటే ఈసారి వెళ్లాలనే అనుకున్నాడు. వాడి మాట కాదనే హక్కు తనకు లేదు.

బూట్లు కదల్లేదు.

"బావా, అక్క ఏ మోకాలు పట్టుకునేది?"

"ఒక్కో ఏడు ఒక్కోటి. తనకే గుర్తుండేది కాదు."

"అయితే నాకు ఈ ఏడు ఎడమది" అని చిన్నోడు వంగి మోకాలు పట్టుకుని మొహం చిట్లించాడు. "అబ్బా. ఒకటే పోటు. ఇవాళ నా వల్ల కాదు."

దర్జీ నవ్వాడు. ఆమె పోయాక అలా పళ్లు కనబడేలా నవ్వడం అదే మొదలు. కళ్లు తుడుచుకోవాల్సొచ్చింది.

"నటన నీకు చేతకాదురా. దాని కాలిగోటికి చాలవు."

"వచ్చే ఏటికి నేర్చుకుంటాను."

దిగేటప్పుడు చిన్నోడే ముందు నడిచాడు, ఎడమ కాలు సంగతి మరిచిపోయి. బస్టాండులో విడిపోయే ముందు సంచి భుజం మార్చుకుంటూ అడిగాడు.

"మరి గొట్టాలు ఇకనుంచి ఎవరి వాటా?"

"నీదే. వయసులో చిన్నోడివి."

"అయితే సంచి దించి ఉంచు. వచ్చి పట్టుకెళ్తాను."

ఆ ఆదివారం దర్జీ అటక కింద స్టూలు వేసుకుని ఎక్కాడు. పచ్చ సంచి పట్టీ చేతికి అందింది. పట్టీ తెగిన చోట ఆమె వేసిన కుట్టు వేలికి తగిలింది. తన కుట్లంత సన్నంగా ఉండదు, కానీ ఊడదు. కాసేపు అలాగే పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత స్టూలు దిగి దుకాణం తెరిచాడు.

చిన్నోడు గొట్టాల కోసమని ఇప్పటికి రెండుసార్లు వచ్చి టీ తాగి వెళ్లాడు. సంచి ఇంకా అటక మీదే ఉంది.