మామగారు తెచ్చిన నీలం చేప

రూపాదేవి చోడవరంలో కళ్లజోళ్ల షాపు నడుపుతుంది. ఇంట్లో ముందుగదిలో ఉప్పునీళ్ల అక్వేరియం పెట్టుకుంది. అడుగున తెల్లటి ఇసుక, బొరియలున్న రాళ్లు, రాళ్లకు అతికించిన చిన్న పగడాలు. వాటి మధ్య నారింజ రంగు క్లౌన్ ఫిష్‌లు రెండే తిరిగేవి. ఒకదానితో ఒకటి పడే చేపల్నే వెయ్యాలనుకుంది, అందుకే కొత్తవాటి కోసం తొందరపడలేదు.

మామగారు సత్యారావుకి అది నచ్చలేదు. వచ్చినవాళ్లంతా అంత తొట్టిలో రెండే చేపలా అంటున్నారట. విశాఖలో పెళ్లికి వెళ్లి, వస్తూ వస్తూ కవర్లో ఒక నీలం చేపను పట్టుకొచ్చాడు. డామ్సెల్ అంటారు దాన్ని. చిన్నదే గానీ మెరుస్తుంది. తన తర్వాత వచ్చే చేపను అది బతకనివ్వదని రూపాదేవికి తెలుసు. ఆయన మొహం చూసి ఏమీ అనలేకపోయింది. బాగుందని చెప్పి నీళ్లలో వదిలింది.

నెల తిరిగాక, నీలం చేప కుదురుగానే ఉందనుకుని, తను ఎప్పటినుంచో అనుకుంటున్న ఫైర్‌ఫిష్‌ను తెచ్చింది. పిరికి చేప. నీలం చేప దాన్ని రాళ్ల చుట్టూ తరిమింది, మేత దగ్గరికి రానివ్వలేదు. మర్నాడు పొద్దున్న ఫైర్‌ఫిష్ బయటికి ఎగిరిపడి నేల మీద ఎండిపోయి ఉంది. ముందు చూసింది సత్యారావే.

కోడలిని పిలిచి, "నా సేపే తరిమిందా?" అని అడిగాడు.

"అవును మావయ్యా. దాని గుణం అంతే. ఆ రోజే సెప్పలేకపోనాను."

"సెప్పుంటే అప్పుడే తిరిగిచ్చేద్దును కదమ్మా."

ఆ ఆదివారం ఇద్దరూ దాన్ని పట్టడానికి కూర్చున్నారు. వల పెట్టగానే రాళ్లలోకి దూరిపోయేది. చివరికి రాళ్లన్నీ తియ్యాల్సి వచ్చింది. ఆమె ఒక్కోటీ అందిస్తే ఆయన ఉప్పునీళ్ల బకెట్లలోకి దించాడు. దాక్కునే చోటు మిగలకపోయాక చేప దొరికింది. ఒక పగడం విరిగింది. రాళ్లన్నీ మళ్లీ తొట్టిలో పేర్చారు.

ఆయనే దాన్ని డబ్బాలో పెట్టుకుని విశాఖ బస్సెక్కాడు. సాయంత్రం చేపల షాపులోంచి ఫోన్ చేశాడు. వాళ్లు వెనక్కి తీసుకున్నారని, ఇక్కడ ఇంకో ఫైర్‌ఫిష్ ఉందని, మేత వేయించి తింటోందో లేదో చూశానని చెప్పాడు.

"తెమ్మంటావా, ఒద్దంటావా?"

"ఇప్పుడొద్దు మావయ్యా. మనిద్దరం ఎల్దాం."

పై నెల వెళ్లేసరికి ఆ ఫైర్‌ఫిష్ అమ్ముడైపోయింది. ఆయన చూపించిన పసుపు చేప కూడా మిగతావాటిని తరుముతుందని ఆమె వద్దంది. ఆమె చూపించిన మచ్చల చేప ఇసుకలో దూరి ఎవరికీ కనబడదని ఆయన అన్నాడు. అయినా దాన్నే తెచ్చుకున్నారు.