మూడోసారి శిక్షణ

హోటల్ లాండ్రీలో దుప్పటి మడవాలంటే ఇద్దరుండాలి. ఒక కొస చిట్టి పట్టుకుంటే, రెండో కొస పెద్దమ్మ పట్టేది. చుట్టరికమేమీ లేదు. లాండ్రీలో అందరికన్నా ముందు చేరిన మనిషి కాబట్టి అందరికీ ఆవిడ పెద్దమ్మే. మొదట్లో "దీన్ని నా నెత్తికి చుట్టారు" అని సణిగింది. తర్వాత్తర్వాత చిట్టికి జలుబు చేసి రాకపోతే, ఆ రోజంతా ఎవరితోనూ పొసగక రుసరుసలాడేది.

చిట్టికి ముప్ఫై ఏళ్ళు. పుట్టుకతోనే బుద్ధి ఎదుగుదల నెమ్మది. శిక్షణ కేంద్రం వాళ్ళు ఆమెకు కొవ్వొత్తుల తయారీ నేర్పారు, ఉద్యోగం చూపించలేదు. ఆ తర్వాత ఈ హోటల్‌కి పంపి, ఇదీ శిక్షణే అన్నారు. జీతం లేదు కానీ యూనిఫాం ఇచ్చారు. దాన్ని చిట్టి అమ్మను కూడా ముట్టుకోనివ్వకుండా తానే ఉతుక్కుని ఇస్త్రీ చేసుకునేది.

ఒకరోజు మేనేజరు ఆ యూనిఫాం ఇచ్చెయ్యమన్నాడు. గడువు తీరిందట, కొత్త బ్యాచ్ వస్తోందట.

అమ్మ టైలరు. ఇంటి ముందుగదే కొట్టు. కుడుతున్న జాకెట్టు మిషన్ మీదే వదిలేసి, చిట్టిని వెంటబెట్టుకుని కేంద్రానికి వెళ్ళింది.

"కంగారుపడకండమ్మా. పాపను మళ్ళీ చేర్చుకుంటాం," అన్నాడు అధికారి.

"ఈసారి ఏం నేర్పుతారు?"

"కొవ్వొత్తులు."

అమ్మకు ఒళ్ళు మండింది. "మిమ్మల్ని కూడా నేర్చిన పనే మళ్ళీ నేర్చుకోమంటున్నారా సార్?"

"రూల్స్ అలా ఉన్నాయి. శిక్షణలో ఉన్నన్నాళ్ళూ హోటల్‌కి ప్రభుత్వం సాయం చేస్తుంది. ఉద్యోగంలో పెట్టుకుంటే అది ఆగిపోతుంది. మేమేం చేస్తాం?"

"అంటే ఊరికే చాకిరీ చేస్తే మా అమ్మాయి పనికొస్తుంది. జీతమివ్వాలంటే పనికిరాదు. అంతేగా?"

అధికారి చిట్టి వైపు తిరిగి, "పాపా, చాక్లెట్ తింటావా?" అన్నాడు.

"నేను పాపను కాదు. నాకు మడవడం వచ్చు. మళ్ళీ నేర్చుకోను," అంది చిట్టి.

మర్నాడు లాండ్రీలోకి ఇద్దరు కొత్తమ్మాయిలు వచ్చారు. పెద్దమ్మ వాళ్ళను స్టూళ్ళ మీద కూర్చోబెట్టి మేనేజరుతో అంది: "నేర్చుకున్నదాన్ని సాగనంపి, మళ్ళీ మొదటినుంచి మొదలెట్టమంటే నావల్ల కాదు. చిట్టిని పిలిపించండి. వీళ్ళనూ పనిలో ఉంచుకుంటామని మీరంటేనే నేర్పుతాను."

మిగతా ఆడవాళ్ళూ చేతులు కట్టుకు నిలబడ్డారు. ఆరిన దుప్పట్లు బండ్లలో కుప్పలు పడ్డాయి. సాయంత్రానికి గదుల నుంచి ఫోన్లు మొదలయ్యాయి. మేనేజరు దిగొచ్చి చిట్టి ఇంటికి కబురు పెట్టాడు. తల్లీకూతుళ్ళిద్దరూ వచ్చారు.

"వారానికి మూడు రోజులు రమ్మనండి. జీతమిస్తాం," అన్నాడు. అమ్మ చేతులు జోడిస్తుందనుకున్నాడేమో, ఆమె ముఖంలోకి చూస్తూ ఆగాడు.

చిట్టి అడిగింది: "మిగతా రోజుల్లో దుప్పట్లు మాయవా సార్?"

అతను మూడు రోజులకే ఆమె పేరు రాసుకున్నాడు. కొత్తమ్మాయిల సంగతి పెద్దమ్మ అడిగితే "చూద్దాం" అన్నాడు. ఆ మాట నమ్మి ఆవిడ వాళ్ళకు పని నేర్పింది. గడువు తీరగానే వాళ్ళ యూనిఫాంలూ విప్పించారు.

చిట్టి ఇంటికొచ్చి ఆ మాట చెబుతుంటే అమ్మ కత్తెర పక్కన పెట్టింది. కొట్టు మూసి, ఆ పిల్లల తల్లులను వెతుక్కుంటూ బయల్దేరింది.