ముందు మీరే పలకరించాలి

ఆసుపత్రిలో హెచ్‌ఐవీ మందులిచ్చే గదికి ఒక కట్టుబాటు ఉంది. అక్కడికి వచ్చేవాళ్లు బయట ఎక్కడ ఎదురుపడినా అక్కడి నర్సు పలకరించదు. ముక్కూ మొహం తెలియనట్టు పక్కనుంచి వెళ్లిపోతుంది. పలకరిస్తే ముందు వాళ్లే పలకరించాలి. ఆ పుణ్యాన బట్టలు కుట్టుకు బతికే టైలరమ్మ గుట్టు ఇన్నేళ్లూ దక్కింది.

ఈ రోజు ఆ కట్టుబాటే ఆమె కొంప ముంచేలా ఉంది.

హెచ్‌ఐవీ పరిశోధనల మీద పెద్ద సదస్సు. శాస్త్రవేత్తలు, డాక్టర్లు, వైద్యం చదివే పిల్లలు వెళ్లవచ్చు. కొత్త మందు పరీక్షకు ఒళ్లప్పగించినవాళ్లూ వెళ్లవచ్చు. కాకపోతే వాళ్ల పేర్లు బయటపెట్టరు గనుక, ఆ పరీక్షలో పనిచేసినవాళ్లెవరైనా తలుపు దగ్గర "మా మనిషే" అనాలి.

"నేనుంటానుగా, రండి" అంది మొన్న, ఆ పరీక్షలోనూ పనిచేసిన నర్సు. కట్టుబాటు సంగతి ఇద్దరికీ తట్టనే లేదు.

టైలరమ్మ, ఆమె భర్త కలిసే ఆ పరీక్షలో చేరారు. పక్కపక్క కుర్చీల్లో కూర్చుని రక్తమిచ్చేవారు. సూది చూడలేక ఆయన ఆమె భుజం వెనక మొహం దాచుకునేవాడు. పరీక్ష సగంలో ఉండగానే పోయాడు. ఆయనిచ్చిన రక్తం దేనికైనా పనికొచ్చిందా, బూడిదలో పోసిన పన్నీరేనా? అది తెలుసుకోవడానికే వచ్చింది.

తీరా చూస్తే తలుపు దగ్గర కాపలావాడు తెలిసినవాడే. ఆ భవనం సిబ్బంది కోట్లన్నీ ఆమె మిషను మీద కుట్టినవే.

"ఏంటి టైలరమ్మా, నా కోటు బిగుతైందని కబురందిందా?"

"కోటు అలాగే ఉంది బాబూ, నీ పొట్టే పెరిగింది."

అతను పకపకా నవ్వాడు. "లోపలంతా డాక్టర్లే. ఎవరి కోసం వచ్చారు?"

ఆమె నర్సు కోసం అటూ ఇటూ చూసింది. అంతలో నర్సు వచ్చింది. టైలరమ్మను చూసింది, చనువుగా నవ్వుతున్న కాపలావాణ్ణి చూసింది. తెలిసినవాడి ముందు గుట్టు బయటపడుతుందనుకుందో ఏమో, అలవాటు చొప్పున చూపు తిప్పుకుని లోపలికి నడిచింది.

"కాస్త జరగండి టైలరమ్మా, తలుపులు మూసేస్తున్నారు."

వెనక్కి తిరిగితే గుట్టు గుట్టుగానే ఉంటుంది, కోట్లు వస్తూనే ఉంటాయి. ఆయన మాత్రం సగంలోనే మిగిలిపోతాడు.

"సిస్టరుగారూ!" ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "నేనండీ. మందు పరీక్షకి రక్తమిచ్చినదాన్ని. నేనూ, మా ఆయనా."

నర్సు గబగబా వెనక్కి వచ్చింది. "అయ్యో, నా మతి మండ! మా మనిషే బాబూ, మా మనిషే" అంటూ ఆమె చేయి పట్టుకుంది.

కాపలావాడి నవ్వు ఆగింది. తలుపు తీసి పట్టుకున్నాడు. "వెళ్లండమ్మా" అన్నాడు. టైలరమ్మా అనలేదు. అది మర్యాదో, దూరమో ఆమెకు అంతుపట్టలేదు.

లోపల తెర నిండా చుక్కలు. ఒక్కో చుక్కా ఒక్కో మనిషట.

"మధ్యలో పోయినవాళ్లు?" అని నర్సు చెవిలో గొణిగింది.

"వాళ్లూ ఉన్నారు. వాళ్ల రక్తం చూశాకే మోతాదు మార్చారు."

"మరి ఆయనేది?"

"అది మాకూ తెలియదమ్మా. పేర్లుండవుగా."

పక్కపక్కనే ఉన్న చుక్కలు చాలానే కనిపించాయి. తెర మారేలోపు ఒక్కటీ వదలకుండా చూడాలని, ఆమె గబగబా కళ్లజోడు తుడుచుకుంది.