నీల స్కానింగుకు పోయింది

నీల స్కానింగ్ సెంటర్ మెట్లెక్కిన పావుగంటకే ఆ కబురు కోరుట్ల నుంచి ఆమె అత్తగారి ఊరు కథలాపూర్ చేరింది. మరో ఐదు నిమిషాల్లో మస్కట్ కూడా చేరింది.

చూసింది ఎదురింటి సారక్క. కోరుట్లలో ఆటో కోసం నిలబడి, గర్భిణులు వరసగా కూర్చున్న ఆ గుమ్మంలోకి నీల తలవంచుకుని వెళ్లడం చూసింది. నీల భర్త బాలకిషన్ మస్కట్ వెళ్లి పద్నాలుగు నెలలైంది. సారక్క అప్పటికప్పుడు నీల అత్త కిష్టవ్వకు ఫోన్ చేసింది.

కిష్టవ్వ మొదట నమ్మలేదు. రుద్రంగిలో తల్లిని చూసొస్తానని కోడలు పొద్దున బయల్దేరింది మరి. రుద్రంగికి ఫోన్ చేస్తే ఇక్కడికి రాలేదన్నారు. దాంతో ముసలామె ఇంకేమీ ఆలోచించకుండా కొడుక్కు చెప్పేసింది. బాలకిషన్ అంతా విని ఒకే మాట అన్నాడు.

"నిజమే అయితే అది మనింట్ల అడుగు పెట్టొద్దు అవ్వా."

కిష్టవ్వ కోరుట్ల ఆటో ఎక్కింది.

అక్కడ బల్ల మీద పడుకున్న నీలకు ఇవేవీ తెలియవు. ఆమె భయం వేరు. మూడు నెలలుగా కుడి బొటనవేలి మొదట్లో నొప్పి. తునికాకు చుట్టి అంచు మడిచేటప్పుడు ప్రాణం పోయినట్టుంటుంది. చెయ్యి పడిపోయిందని బీడీల కార్ఖానాలో తెలిస్తే పేరు కొట్టేస్తారు, పీఎఫ్ కార్డు పోతుంది. అత్తకు చెబితే ఊరికి చెప్పినట్టే. అందుకే ఆ అబద్ధం. చెయ్యికి స్కానింగ్ చేయించుకు రమ్మన్న జగిత్యాల డాక్టరును నీల కూడా రెండుసార్లు అడిగింది, చెయ్యికేనా అని.

స్కానింగ్ సెంటర్ డాక్టర్ విజయ నీల మణికట్టుకు చల్లటి జెల్లు రాసి, పరికరాన్ని ఆనించి, తెర చూపించింది. కండను ఎముకకు కట్టే తాడు చుట్టూ తొడుగు వాచిందని, నల్లగా కనిపించేది నీరని చెప్పింది. సూది గుడ్డిగా పొడవకుండా, తెర మీద చూస్తూ మందు సరిగ్గా అక్కడికే పంపిస్తానంది.

సూది చర్మం దాటిన క్షణంలో తలుపు ధడాలున తెరుచుకుంది.

"ఎన్నో నెలనే?" అంది కిష్టవ్వ.

నర్సు అడ్డం వచ్చింది. డాక్టర్ తల తిప్పకుండానే నీలను కదలొద్దంది. నీల కదల్లేదు.

కిష్టవ్వ చూపు కోడలి కడుపు మీద వెతికింది. అక్కడ చీర చీరలాగే ఉంది. జెల్లు మణికట్టు మీద ఉంది. తెర మీద తెల్లటి సన్నని గీత ఒకటి నల్లటి మరక వైపు జరుగుతోంది.

"చెయ్యికి గూడ స్కానింగ్ ఉంటదా?" అంది.

కీళ్లకూ, కండలకూ కూడా ఉంటుందని డాక్టర్ చెప్పింది. అప్పుడే కిష్టవ్వ చేతిలో ఫోన్ మోగింది. వీడియో కాల్. ఏమైంది అవ్వా అని బాలకిషన్ అడుగుతూనే ఉన్నాడు.

నీలకు అప్పుడర్థమైంది.

"ఆయనకు గూడ చెప్పినవా అత్తా?"

కిష్టవ్వ, సారక్క చూసి చెప్పిందంటూ, ఫోన్‌ను కోడలి చెయ్యి వైపు తిప్పింది. సూది, జెల్లు, తెర. నీల కన్నీళ్లు చెవుల్లోకి జారుతున్నాయి. తుడుచుకోవడానికి ఎడమ చెయ్యి కూడా ఎత్తలేదు.

మందు చేరింది. వాచిన తొడుగు కొంచెం విచ్చుకోవడం తెర మీద అందరూ చూశారు. సూది బయటికొచ్చింది.

"తప్పైంది నీలా," అన్నాడు బాలకిషన్.

"నువ్వొచ్చినంక మాట్లాడుకుందాం. గిప్పుడు ఫోన్ పెట్టెయ్. అత్త సారక్కకు చెయ్యాలె. నా ముంగటనే."

కిష్టవ్వ బల్ల పక్కన స్టూలు మీద కూలబడింది. ఒకసారి కోడలి ముఖం చూసి సారక్కకు కలిపింది.

"సారక్కా, మా నీల చెయ్యి చూపిచ్చుకుంటున్నది. నేను పక్కనే ఉన్న. ఇంకెవలెవలకు చెప్పినవ్?"

అవతల సారక్క నసిగింది.

"పేర్లు చెప్పు. ఇంటింటికి నేనే పోత."

పేర్లు మొదలయ్యాయి. మూడో పేరుకే కిష్టవ్వ తడబడింది. ఆమెకు రాత రాదు. నీల చేతికి కట్టు పడుతోంది. డాక్టర్ విజయ చేతి తొడుగులు తీసేసి, ఒక తెల్లకాగితం, పెన్ను ముందుకు లాక్కుని, మళ్లీ మొదటి నుంచి చెప్పమంది.