కుడికి లాగే బండి

భర్త వర్జిల్ పోయాక షెడ్డులోనే ఉండిపోయిన టాపులేని పాత ఫోర్డును తనే నడపాలని నడీన్‌కు మనసైంది. ముందు బ్రేకులు మార్చేదాకా దాన్ని రోడ్డెక్కనివ్వనని వర్జిల్ స్నేహితుడు క్లైడ్ భీష్మించుకున్నాడు. ఇలాంటి పాతకాలపు బండికి ఈకాలపు డిస్కు బ్రేకులు వేస్తే పాత బండ్ల పిచ్చి ఉన్న తోటివాళ్లు మొహాన ఉమ్ముతారు. అందుకని పాత బ్యూక్ కారుకుండే పెద్ద డ్రమ్ము బ్రేకులే వెతికి తెచ్చాడు.

పాతవి విప్పుతూ క్లైడ్ విసుక్కున్నాడు.

"కుడి బ్రేకు ఒక్కటే ఇంతలా బిగించాడేంటి మీ ఆయన? నేను సరిచేసిన ప్రతిసారీ మళ్లీ బిగించేవాడు. తొక్కితే బండి కుడికి లాగి చావదూ?"

"లాగేది. చేతకాదా నీకని తిట్టేదాన్ని కూడా," అంది నడీన్.

సాయంత్రం నారింజ తోటల పక్కన క్లైడ్ బండి నడిపి చూపించాడు. స్టీరింగు ఎడమవైపు ఉండే ఆ బండిలో నడీన్ ఎప్పుడూ వర్జిల్ పక్కన కూర్చున్నట్టే క్లైడ్‌కు కుడిపక్కన కూర్చుంది. స్టాప్ బోర్డు దగ్గర బండి సూటిగా ఆగింది. ఆమె కూర్చున్నచోటు నుంచి కాస్తయినా జారలేదు.

ఇన్నేళ్లూ బ్రేకు తొక్కినప్పుడల్లా ఆ నున్నటి పొడవాటి సీటు మీద ఎడమకు జారి, వర్జిల్ భుజం మీద పడేది. "పాడు బ్రేకులు," అని నవ్వేవాడు వర్జిల్. ఊళ్లో అందరి బ్రేకులూ బాగుచేసే మనిషి.

"ఎలా ఉంది?" అన్నాడు క్లైడ్.

"బాగా ఆగింది," అంది నడీన్. "ఆ కుడిది మళ్లీ కాస్త బిగించవా?"

"పిచ్చా నీకు? ఇకనుంచి స్టీరింగు దగ్గర ఉండేది నువ్వు. లాగిందంటే పోయి ఎడమ తలుపు మీద పడతావు."