గోంగూర గోడ

"రోజుకి రెండు మగ్గుల నీళ్లు. అంతే సుభద్రా, ఇంకేం పన్లేదు" అన్నాడు సాయిప్రకాష్, లాప్‌టాప్‌ని టీవీకి తగిలించి.

అది మార్చి నెల. తెర మీద పదిహేడు స్లైడ్లు. నోయిడాలో పదకొండో అంతస్తు ఫ్లాటు, దాని బాల్కనీ గోడ, గోడకి నలభై ఎనిమిది గుడ్డ సంచులు, ఒక్కో సంచిలో ఒక్కో పూలమొక్క. తొమ్మిదో స్లైడు దగ్గర సుభద్ర ఆపింది.

"మెయింటెనెన్స్ సెల్ఫ్ అని రాశారు. సెల్ఫ్ అంటే ఎవరు?"

"మనమే."

పంతొమ్మిదేళ్ల కాపురంలో ఆ మాటకి అర్థం సుభద్రకి కంఠతా వచ్చేసింది. వాళ్లింటి వ్యాకరణం వేరు. "మనం మా ఆఫీసు వాళ్లని భోజనానికి పిలుద్దాం" అంటే వండేది ఆమె. "మనం ఇషిత చేత లెక్కలు చేయించాలి" అంటే పక్కన కూర్చునేది ఆమె. వచ్చినవాళ్లు వేళ్లు నాక్కున్నాక, కూతురికి మార్కులొచ్చాక మాత్రం "మనం" మాయమై "నేను" ప్రత్యక్షమయ్యేది. ఆమెకీ ఉద్యోగం ఉంది. ఒక బీమా కంపెనీకి ఇంటినుంచే క్లెయిములు పరిశీలిస్తుంది. కానీ "ఇంట్లోనే ఉంటావుగా అమ్మా" అన్నది అత్తగారు సీతారత్నం ఫోన్లో రోజూ ఇచ్చే సర్టిఫికెట్టు.

రెండు మగ్గులు ఏ మూలకీ చాల్లేదు. పన్నెండు మగ్గులు, పై వరసకైతే స్టూలెక్కి. కిందింటివాళ్లు ఆరేసుకున్న బట్టల మీద నీళ్లు కారితే వెళ్లి సారీ చెప్పేది కూడా "మనమే". మే నెల వడగాడ్పులకి పూలమొక్కలన్నీ వేయించిన అప్పడాల్లా అయిపోయాయి. సాయిప్రకాష్ ఒక్కసారి తొంగిచూసి, "మనం సరిగ్గా చూసుకోలేదు" అని ఏసీ గదిలోకి వెళ్లిపోయాడు.

సుభద్ర మర్నాడు మెట్రో ఎక్కి, ఢిల్లీ ఆర్.కె. పురంలో ఉండే లక్ష్మీకుమారి పిన్ని దగ్గర్నుంచి గుప్పెడు గోంగూర గింజలు తెచ్చుకుంది. ఆ పల్చటి సంచులు పీకేసి లోతైన డబ్బాలు తగిలించింది. క్లెయిముకీ క్లెయిముకీ మధ్య మట్టి కలిపింది. చేతులకి మట్టి ఉంటే ఇంట్లో ఎవరూ టీ అడగరని అప్పుడే కనిపెట్టింది. మొదటి మొలకలు తలలెత్తిన రోజు, ఇన్నేళ్లలో చేసిన వాటిలో ఇదొక్కటైనా తన పేరు మీద ఉండాలనిపించింది.

ఆగస్టుకి గోడ కనపడనంత పచ్చగా ఎదిగింది. సాయిప్రకాష్ బాసు వచ్చి మెచ్చుకున్నాడు. "నేనే డిజైన్ చేశాను సర్" అన్నాడు సాయిప్రకాష్. నాలుగు రోజులకి గోడ మధ్యలో యాక్రిలిక్ బోర్డు వెలిసింది: 'సాయిప్రకాష్ గ్రీన్ వాల్'.

చేతిలో మగ్గుతో సుభద్ర దాన్ని రెండుసార్లు చదివింది. "మరి నా పేరు?"

"నీదీ పెడితే బోర్డు పెద్దదైపోతుంది. మొక్కలకి గాలాడదు."

ఆ ఆదివారమే, పొద్దున్న తొమ్మిదిన్నరకి బెల్లు మోగింది. గుమ్మంలో సొసైటీ ప్రెసిడెంటు మల్హోత్రా, ఆయన వెనకాల సెక్యూరిటీ గార్డు. ఇద్దరి మొహాల్లోనూ నవ్వు లేదు. ఎదురు టవరు వాళ్లెవరో తీసిన ఫొటోని మల్హోత్రా ఫోన్లో చూపించాడు.

"ప్రకాష్ జీ, కంప్లైంట్ ఆయా హై. మీ బాల్కనీలో గాంజా పెంచుతున్నారట."

వేళ్లు చాచిన అరచేతుల్లాంటి ఆకులు, రంపపు అంచులు, నిటారుగా కాడలు. గోంగూర ఎరగని కళ్లకి అది అచ్చంగా గంజాయే. సుభద్ర చెప్పబోయింది. ఈలోపే సాయిప్రకాష్ అందుకున్నాడు. పాపం, అతను గోంగూరని పచ్చడిగా తప్ప మొక్కగా ఎన్నడూ చూసినవాడు కాదు.

"నాకేం తెలీదు సర్. వో సబ్ వైఫ్ కర్తీ హై. అంతా ఆవిడే."

సుభద్ర తెరిచిన నోరు మూసుకుంది. "మనం" పోయి "నేను" రావడం ఎన్నోసార్లు చూసింది. "ఆవిడ" రావడం ఇదే మొదలు.

"బోర్డు మీద మీ పేరుందే?"

"అది డెకరేషన్ సర్."

"అచ్ఛా. అయితే రాసివ్వండి."

అంత వేగంగా అతను ఆఫీసులో కూడా ఏదీ రాసి ఉండడు. 'ఈ తోట ఆలోచన, మొక్కల ఎంపిక, పెంపకం పూర్తిగా నా భార్య సుభద్రవి. ఇందులో నా శ్రమ గానీ, ప్రమేయం గానీ ఇసుమంతైనా లేదు.' సంతకం, తేదీ, ఫ్లాటు నంబరు. సాక్షిగా గార్డు సంతకం.

గదిలోంచి వచ్చిన ఇషిత ఫొటో చూసి, "బట్ మమ్మా, యే తో..." అనబోయింది. సుభద్ర కళ్లతోనే ఆపింది. కాగితం అందుకుని, సిరా ఆరిందో లేదో చూసుకుంది. అప్పుడు బాల్కనీలోకి వెళ్లి రెండాకులు కోసి, ఒకటి తను నమిలి, రెండోది మల్హోత్రాకి ఇచ్చింది.

ఆయన భయపడుతూనే కొరికాడు. పులుపుకి ఒక కన్ను మూతపడింది. "ఖట్టా హై."

"గోంగూర అంకుల్. పచ్చడి చేసుకుంటాం." చిన్న సీసా తెచ్చి చేతిలో పెట్టింది.

ఆయన అక్కడే వేలితో రెండుసార్లు రుచి చూసి, కంప్లైంట్ కొట్టేశానని చెప్పి, కాగితం చింపేయడానికి చెయ్యి చాచాడు.

"అది ఉండనివ్వండి" అంది సుభద్ర.

తలుపు పడగానే సాయిప్రకాష్‌కి ప్రాణం లేచొచ్చింది. "నేను ముందే అనుకున్నా. మన గోంగూరని పట్టుకుని..."

సుభద్ర బోర్డు ఊడదీసింది. కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి అదే మేకుకి తగిలించింది.

"ఎవరైనా చూస్తే బాగోదు, సుభద్రా."

"చూడ్డానికే."

అతను తన చేతిరాతని తనే చదువుకుంటూ కాసేపు నిలబడ్డాడు. సుభద్ర మగ్గు తెచ్చి అతని చేతిలో పెట్టి, స్టూలుని గోడ దగ్గరికి జరిపింది.

"పై వరస వాడిపోతోంది. మనం నీళ్లు పోద్దాం" అని, కాఫీ గ్లాసుతో కుర్చీలో కూర్చుంది.