కుడిచేతి సంగటి

"కుడిచెయ్యి బాగానే ఉండాది గదా, రోంత సంగటి కెలకలేవా?" చెప్పుల్లో కాళ్లు పెడుతూ అనేసి బాలసుబ్రహ్మణ్యం కొట్టుకు పోయాడు. ప్రొద్దుటూరులో బట్టల కొట్టు ఆయనది. హోటలు క్యారియరు తిని తిని కడుపులో మంట పుడుతోందట.

బాగానే ఉంది, నిజమే. కృష్ణవేణమ్మ మెట్ల మీద జారిపడి విరగ్గొట్టుకున్నది ఎడమ భుజం. ఆపరేషన్ చేసి లోపల ప్లేటు వేశారు, చెయ్యి మెడకు వేలాడుతోంది. జాకెట్టు హుక్కులు అందవు, జడ అందదు, కట్టిన చెయ్యి కింద చంకలో చెమట పుల్లగా కంపు కొడుతుంది. వీటన్నిటితో ఎలాగో వేగుతోంది. దొడ్డికి పోయినప్పుడే ప్రాణం మీదికి వస్తుంది. నీళ్లు పోయడానికొక చెయ్యి, కడగడానికొక చెయ్యి కావాలి. బుద్ధెరిగినప్పటి నుంచి కడిగింది ఎడమచెయ్యే. ఇప్పుడు ఉన్న ఒక్కచెయ్యే చెంబెత్తి పోయాలి, చెంబు దించి కడగాలి. ఒళ్లంతా మెలిపెట్టినా వేళ్లు అందీ అందనట్టే. తర్వాత సబ్బుతో ఎంత రుద్దుకున్నా అనుమానం తీరదు. పక్కింటామె పలకరించడానికొస్తే తన వాసన తనకే భయమేసి కిటికీ దగ్గరకు జరిగి కూర్చుంది.

కూతురు సాయిశ్రీ పులివెందుల నుంచి వచ్చి ఉన్నన్నాళ్లూ మాట్లాడకుండా నీళ్లు పోసింది. అత్తగారి ఫోను రాగానే సంచి సర్దుకుంది. పోతూ పోతూ, "నాయనా, బాత్రూములో నీళ్లు చిమ్మే పైపు పెట్టించు. అమ్మ ఒక్కచేత్తోనే కడుక్కోవచ్చు," అంది.

"నెల దినాల కోసరం టైల్సు పగలగొట్టాల్నా?" అన్నాడాయన.

ఆ రాత్రే, ఇంక సిగ్గు చంపుకుని, బాత్రూములోంచి భర్తను పిలిచింది. "ఏమండీ, రోంత నీళ్లు పోస్తారా?"

"ఛీ, నేనా! ఏం మాట్లాడతాండావు? పొద్దున పనామె వస్తాది గదా." టీవీ సౌండు పెరిగింది.

కడుపు పనామె కోసం ఆగుతుందా? కొళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది. మంచం పట్టిన అత్తకు ఏండ్ల తరబడి ముడ్డి కడిగింది తను. ఆయన ముక్కుకు కర్చీఫు అడ్డం పెట్టుకుని గుమ్మంలోంచే, "అమ్మ తినిందా?" అని అడిగేవాడు. ఆ పూటకా పూట వచ్చి తన చేతి వంట తిన్నాడు. ఏనాడూ ఛీ అనలేదు. తన ఒంటికొచ్చేసరికే అది అసహ్యమైపోయింది. ముప్పై ఏండ్లు పక్కన పడుకున్న మనిషికి తను ఇంత పరాయిదా అని ఆమెకు మొదటిసారి అనిపించింది.

ఈ పొద్దున ఆయన అడిగిపోయినట్టే మధ్యాహ్నానికి సంగటి చేసింది. గిన్నె కింద పెట్టి, మసిగుడ్డ కప్పి, పాదాలతో అదిమిపట్టి కెలికింది. చెయ్యి తడుపుకుని వేడివేడిగా ముద్దలు చేసింది. నంజుకోవడానికి చెనక్కాయల ఊరిబిండి నూరింది.

బాలసుబ్రహ్మణ్యం ముద్ద తుంచి నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. "నీ చేతి సంగటే వేరే, మే! చూసినావా, పనిలో పడితే అన్నీ సర్దుకుంటాయి. ఇంగ పైపెందుకు?"

"సర్దుకున్నా. ఏ చేత్తో కడుక్కుంటాండానో మీరు అడగనే లేదే."

ఆయన ఆమె మెడకు వేలాడే చెయ్యి చూశాడు. పిండి అంటిన రెండో చెయ్యి చూశాడు. కంచం చూశాడు. నోట్లో ముద్ద అట్లాగే ఆగిపోయింది.

"థూ! ముందే చెప్పద్దా?"

"చెప్పినా గదండీ, రోంత నీళ్లు పోయమని."

కంచం నెట్టేసి లేచాడు. పుక్కిలించిన చప్పుడు, తర్వాత వీధి తలుపు చప్పుడు. కృష్ణవేణమ్మ గిన్నెలో మిగిలిన ముద్ద తన కంచంలో వేసుకుని, ఆ చేత్తోనే తుంచి, ఊరిబిండి అద్దుకుని కడుపునిండా తినింది. చెయ్యి కడుక్కుని, పైపుల పని చేసే జమీర్‌కు ఫోను చేసింది.

"ఈ పొద్దే రా నాయనా. టైల్సు పగిలితే పగలనీలే."